గెలిచిన చీటీ ఇంట్లో మిగలదు

రెండు నెలల కిందట మా పిన్ని మనవరాలి పెళ్ళికి హైదరాబాదు వెళ్ళాను. పెళ్ళికొడుకును గుర్రం మీద ఊరేగించాలని అతని స్నేహితుల ముచ్చట. ఫంక్షన్ హాలు గేటు బయట, జనరేటర్ బండి పక్కన ఆ గుర్రం నిలబడి ఉంది. తెల్లది. వీపు మీద జరీ అంచు మఖమలు గుడ్డ, నుదుటి మీద అద్దాల పట్టీ, మెడలో బంతిపూల దండ. స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా అది తల వంచుకుని, వెనక కాలు ఒకటి కాస్త ఎత్తి పెట్టి, నిలబడే కునుకు తీస్తోంది. మా బాబాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇది బండి గుర్రం కాదు. ఆ కాళ్ళ పొడవు చూడు, ఆ రొమ్ము చూడు. పందెం గుర్రమిది" అన్నాడు.

కళ్ళెం పట్టుకున్న కుర్రాణ్ణి అడిగాను. అవునన్నాడు. ఏ ఊళ్ళో పరిగెత్తిందో తెలియదన్నాడు. వాళ్ళ యజమాని ఎవరి దగ్గరో కొన్నాడట, ఆయన ఇంకెవరి దగ్గరో కొన్నాడట. పేరేమిటంటే "రాజా" అన్నాడు. పందేల్లో ఉన్నప్పుడు ఏం పేరని అడిగాను. ఆ మాట అతన్ని అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. గుర్రం వైపు చూసి, నా వైపు చూసి, "అప్పుడు వేరే పేరు ఉంటుందా అమ్మా?" అన్నాడు.

ఉంటుంది. ప్రతి పందెం గుర్రానికీ పేరు నమోదై ఉంటుంది. తల్లి పేరు, తండ్రి పేరు, వాటి తల్లిదండ్రుల పేర్లు తరాల తరబడి వరసగా రాసి ఉంటాయి. మనలో చాలామందికి ముత్తాత తండ్రి పేరు తెలియదు. ఆ గుర్రానికి అంతకన్నా పై తరాలు కూడా కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం ఎక్కడో ఇప్పటికీ భద్రంగానే ఉండవచ్చు. గుర్రం మాత్రం దానితో తెగతెంపులైపోయి జనరేటర్ పొగలో నిలబడి ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు నాకు సౌత్‌పోర్ట్ గుర్తొచ్చింది. సౌత్‌పోర్ట్‌తో పాటే రెడ్ రమ్ అనే పందెం గుర్రం గుర్తొచ్చింది.

ఉప్పునీళ్ళు మాన్పిన కాలు

ఉద్యోగరీత్యా నేను నాలుగేళ్ళు ఇంగ్లండులో, లివర్‌పూల్‌కు ఉత్తరాన ఉన్న సౌత్‌పోర్ట్‌లో ఉన్నాను. సముద్రం ఒడ్డు ఊరే గాని, ఆటు వేళ అక్కడ సముద్రం కనిపించదు. నీళ్ళు అంత దూరం వెనక్కి పోతాయి. చూపు ఆనినంత మేర తడి ఇసుకే. రెడ్ రమ్ రోజూ సాధన చేసింది ఆ ఇసుక మీదే.

నాకు గుర్రప్పందేలంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. మా పెద్ద మేనమామ వాటి వెంటబడి రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో రేసు అన్న మాట అమ్మ చెవిన పడేలా ఎవరూ అనేవారు కాదు. అందుకని పక్కింటావిడ మొదటిసారి ఆ గుర్రం సంగతి ఎత్తినప్పుడు మర్యాదకోసమే విన్నాను. ఆవిడకు అప్పటికి అరవై దగ్గరపడింది. పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుంది అన్నీ ఆ ఊళ్ళోనే. కబుర్లలో మొగుడి ప్రస్తావన కన్నా రెడ్ రమ్ ప్రస్తావనే ఎక్కువగా వచ్చేది. పైగా మనిషిని అన్నట్టే 'అతను' అనేది. తెలుగులో నాకు 'అది' అనక తప్పడం లేదు. ఇది రాస్తున్నంతసేపూ ఆ 'అది' దగ్గర చెయ్యి ఆగుతూనే ఉంది.

దాన్ని పందేలకు సిద్ధం చేసిన జింజర్ మెకెయిన్ పాత కార్లు అమ్ముకునే మనిషి, టాక్సీ నడిపిన మనిషి. ఆయన లాయం ఆ కార్ల షోరూము వెనకే ఉండేది. పొద్దున్నే గుర్రాలు వరసగా బయటికి వచ్చి, ఇళ్ళ మధ్య వీధుల గుండా, పాలబళ్ళూ బడిపిల్లలూ దారి ఇస్తుంటే, సముద్రం వైపు నడిచేవి. ఆవిడ పన్నెండేళ్ళ పిల్లగా ఒకనాడు బడికి పోతూ, పుదీనా బిళ్ళ ఒకటి అరచేతిలో పెట్టి చెయ్యి చాచిందట. గుర్రం ఆగింది. పై పెదవితో ఆ బిళ్ళను తడిమి, పళ్ళు తగలనివ్వకుండా తీసుకుంది. "వెచ్చటి ఊపిరి నా మణికట్టు దాకా వచ్చింది" అని చెబుతూ ఆవిడ తన మణికట్టును రెండో చేత్తో పట్టుకునేది. ఆ కథ నాకు కనీసం ఐదుసార్లు చెప్పి ఉంటుంది. ఐదుసార్లూ మణికట్టు పట్టుకుంది.

మెకెయిన్ ఆ గుర్రాన్ని 1972లో నోయెల్ లె మేర్ అనే ఎనభై దాటిన పెద్దాయన కోసం 6,000 గినీలకు కొన్నాడు. ఆ పెద్దాయన మెకెయిన్ టాక్సీలో తరచూ ఎక్కేవాడు. లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీ మైదానంలో ఏటా జరిగే పెద్ద కంచెల పందెం, గ్రాండ్ నేషనల్, గెలవాలన్నది ఆయన చిరకాల కోరిక. తీరా కొని తెచ్చి ఇసుక మీద నడిపిస్తే గుర్రం కుంటింది. గిట్ట లోపలి ఎముకకు వాపు. ఆ జబ్బు సంగతి ముందే తెలిసి ఉంటే ఎవరూ అంత డబ్బు పోయరు. రొయ్యలు పట్టే బళ్ళు లాగే కుంటి గుర్రాలు సముద్రంలో నడిచి నడిచి బాగుపడటం మెకెయిన్ ఆ ఒడ్డునే చూసి ఉన్నాడు. దీన్ని కూడా నీళ్ళలోకి తోలమన్నాడు. బయటికి వచ్చేటప్పుడు మామూలుగా నడిచింది.

ఉప్పునీళ్ళే మాన్పాయా, రోజూ మెత్తటి ఇసుక మీద పరుగు మాన్పిందా, నేను చెప్పలేను. ఊరివాళ్ళకు మాత్రం ఆ విషయంలో అనుమానం లేదు. తమ సముద్రం మాన్పిన గుర్రమది. ఒక గుర్రం గెలుపులో ఒక ఊరికి ఇంత సొంత వాటా ఉండటం నేనింకెక్కడా చూడలేదు.

దాని ఘనత తెలిసినవాళ్ళకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. 1973, 1974, 1977లలో గ్రాండ్ నేషనల్ గెలిచింది, మధ్యలో రెండేళ్ళు రెండో స్థానంలో వచ్చింది. ఏడు కిలోమీటర్ల పైచిలుకు దూరం, పందేనికి 30 కంచెలు. ఐదేళ్ళలో 150 కంచెలు దూకి, ఒక్కదాని దగ్గర కూడా పడలేదు. అప్పటి ఎయిన్‌ట్రీ కంచెల సంగతి తెలిసినవాళ్ళకు గెలుపుల లెక్క కన్నా ఈ లెక్కే ఎక్కువ ఆశ్చర్యం.

బిస్కెట్ల డబ్బా

ఒక డిసెంబరు సాయంత్రం ఆవిడ వాళ్ళ నాన్న వస్తువులు చూపిస్తానని పాత బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చింది. చలామణీ పోయిన నాణేలు, యూనియన్ కార్డు, ఇసుకలో ప్యాంటు మడిచి నిలబడ్డ ఒక ఫొటో. "మా నాన్న మొదటి ఏడే రెడ్ రమ్ మీద కాశాడు. ఊళ్ళో ఎవరూ నమ్మనప్పుడే నమ్మాడు" అని ఆవిడ ఎప్పుడూ చెప్పేది. ఆ మాటకు సాక్ష్యం ఆ డబ్బాలోనే ఉందని కూడా అనేది. అడుగున నిజంగానే ఒక పందెం చీటీ ఉంది. నాలుగు మడతలు, కార్బన్ కాగితం నకలు, నీలం అక్షరాలు చెదిరిపోయి ఉన్నాయి. ఆవిడ దాన్ని ఎన్నేళ్ళుగా విప్పలేదో తెలియదు. దీపం కిందకు తెచ్చి విప్పింది.

యాభై పెన్నీలు. తేదీ 1973 మార్చి 31. గుర్రం పేరు క్రిస్ప్.

చాలాసేపు చూసి, "రెండింటి మీదా కాసి ఉంటాడు" అంది. ఉండవచ్చు. నేనేమీ అనలేదు. ఇంటికి వచ్చాక తట్టింది: గెలిచిన చీటీ కౌంటర్లో ఇచ్చేసి డబ్బు తీసుకోవాలి. అది ఇంట్లో మిగలదు. డబ్బాలో దాచుకోగలిగేది ఓడిన చీటీనే. రెడ్ రమ్ మీద కాసినవాళ్ళెవరి దగ్గరా దాని చీటీ ఉండే అవకాశం లేదు. జ్ఞాపకం మాత్రమే ఉంటుంది.

ఆ మర్నాడు కూర్చుని 1973 పందెం మొత్తం చూశాను. తరువాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పందేలంటే గిట్టని నేను కూడా దాన్ని చూసి ఊరుకోలేకపోయాను. క్రిస్ప్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పెద్ద గుర్రం. మొదట్లోనే ముందుకు పోయి, ఒక్కో కంచెనూ ఆట ఆడుతున్నట్టు దూకుతూ, మిగతావాటికి అందనంత దూరం వెళ్ళిపోయింది. దాని వీపు మీద 12 స్టోన్ల బరువు, అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మీద దానికన్నా 23 పౌన్లు తక్కువ. ఇంటికి పదికిలోల బియ్యం సంచి మోసుకొచ్చినవాళ్ళకు ఆ తేడా ఏమిటో భుజానికి తెలుస్తుంది. చివరి కంచె దాటేసరికి కూడా క్రిస్ప్ పదిహేను గుర్రాల పొడవు ముందుంది. ఆ తరువాత 494 గజాల నేల, కంచెలు లేని నేల. అక్కడ దాని కాళ్ళు తడబడ్డాయి. తాగినవాడి నడకలా పక్కకు ఒరిగింది. జాకీ రిచర్డ్ పిట్‌మన్ కొరడా ఎత్తాడు, గుర్రం ఇంకా పక్కకు పోయింది. తప్పు తనదేనని ఆయన ఆ తరువాత దశాబ్దాలుగా చెబుతూనే వచ్చాడు. వెనక నుంచి రెడ్ రమ్ ఒక్కో అంగా తగ్గించుకుంటూ వచ్చి, చివరి రెండంగల్లో దాటేసింది. ముప్పావు పొడవు తేడా. అప్పటి దాకా ఉన్న రికార్డు 18 సెకన్లకు పైగా తేడాతో బద్దలైంది. రెండు గుర్రాలూ బద్దలు కొట్టాయి, పేరు ఒకదానికే వచ్చింది.

ఆ రోజు చూసినవాళ్ళ మనసు ఎక్కువగా ఎవరి పక్షాన ఉండి ఉంటుందో ఆ దృశ్యం చూస్తే తెలిసిపోతుంది. రెడ్ రమ్ ఆ రోజు అభిమాన నాయకుడు కాదు. ఒక అద్భుతాన్ని ఆఖరి క్షణంలో ఆపేసిన గుర్రం. ఆ ఏడు చివర్లోనే డాన్‌కాస్టర్‌లో రెండూ సమాన బరువుతో తలపడితే క్రిస్ప్ సునాయాసంగా గెలిచింది. ఈ మాట ఊళ్ళో ఎవరి నోటా వినలేదు.

అయితే ఆవిడ అబద్ధం చెబుతోందా? కాదు. మా పక్కవీధి మనిషి ఒకాయన, చేపల కొట్టు నడిపే ఇంకొకాయన, అందరూ తమ ఇళ్ళలో మొదటి ఏడే రెడ్ రమ్ మీద కాశారనే చెప్పారు. వాళ్ళందరూ గెలిచి ఉంటే ఆ ఊరి పందెం దుకాణాలు అప్పుడే మూతపడేవి. ఆ ప్రేమ 1973లో పుట్టలేదు. తరువాతెప్పుడో పుట్టి, వెనక్కి నడిచి వెళ్ళి 1973లో కూర్చుంది. ఎప్పుడు పుట్టిందన్నదే నా ప్రశ్న.

పదిహేడేళ్ళ ముసలితనం

మూడు గెలుపులూ కలిపితే అరగంట కూడా కాదు. ఒక్కో పందెం తొమ్మిది నిమిషాలు, పదికి లోపు. అరగంటలో మనిషికి ఉత్సాహం వస్తుంది, గర్వం వస్తుంది. మణికట్టు పట్టుకుని చెప్పుకునే జ్ఞాపకం రాదు. నా ఉద్దేశంలో రెడ్ రమ్‌ను అంత గాఢంగా గుర్తు పెట్టుకోవడానికి కారణం అది గెలిచిన అరగంట కాదు. పరుగు ఆపేశాక జనం కళ్ళ ముందు ముసలిదైన 17 ఏళ్ళు.

1978లో ఆరోసారి గ్రాండ్ నేషనల్‌కు సిద్ధమై, పందెం ముందురోజు కాలి ఎముకలో వెంట్రుకవాసి పగులు తేలడంతో విరమించుకుంది. మర్నాడు పందెం గుర్రాల ఊరేగింపుకు ముందు అదే నడిచింది. ఆ తరువాత ఏటా దాదాపు అదే దృశ్యం. కొత్త దుకాణాలు తెరవడానికి పిలిచేవారు. అంతకు ముందే, 1977లో, బ్లాక్‌పూల్ దీపాల పండగ దాని చేతనే మొదలుపెట్టించారు. అదే ఏడాది చివర్లో బీబీసీ క్రీడా పురస్కారాల కార్యక్రమానికి స్టూడియోలోకి తీసుకొచ్చారు. దాని జాకీ టామీ స్టాక్ దెబ్బ తగిలి వేరేచోట ఉన్నాడు, తెర మీద నుంచి మాట్లాడాడు. ఆ గొంతు వినగానే గుర్రం చెవులు నిక్కబొడుచుకుని తెర వైపు తల తిప్పింది. ఆ ముక్క ఇప్పటికీ దొరుకుతుంది. చెవులు లేచే ఆ ఒక్క క్షణం కోసం నేను దాన్ని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను.

ఇక్కడొక సంగతి ఉంది. అందరికీ తెలిసినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెడ్ రమ్ విత్తులు కొట్టిన గుర్రం. చదును నేల మీద గెలిచే మేటి గుర్రాలు చాలావరకు మూడు నాలుగేళ్ళ వయసుకే పందేలు మాని సంతానం కోసం వెళ్ళిపోతాయి. వాటి ఒక్కో కలయికకూ ధర ఉంటుంది, కాబట్టి వాటి ముసలితనానికి పోషకులుంటారు. రెడ్ రమ్‌కు ఆ విలువ లేదు. పరుగు ఆగిననాడు దాని దగ్గర మిగిలిన ఆస్తి జనం అభిమానం ఒక్కటే. దాని మేత, నాడాలు, పశువైద్యుడు, ముసలితనంలో అరిగిన పళ్ళను ఆకురాయితో సరిచేయించడం, అన్నీ ఆ అభిమానం మీదే నడిచాయి. అభిమానం అనేది ఉత్త మాట అనుకునేవాళ్ళు ఆ లెక్క చూడాలి.

పక్కింటావిడ తన పెద్దకొడుకు తోపుడుబండిలో ఉన్నప్పుడు ఒక కుర్చీలూ మంచాల దుకాణం ప్రారంభోత్సవానికి వెళ్ళిందట. రెడ్ రమ్ కాలిబాట మీద నిలబడి ఉంది. జనం తోసుకుంటున్నారు. బండిలో పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. గుర్రం తల దించి, బండి అంచు మీదుగా లోపలికి చూసిందట. పిల్లవాడు ఏడుపు ఆపి, దాని ముక్కు మీద చెయ్యి వేశాడట. ఈ కథలో ఎంత నిజమో నాకు తెలియదు. చీటీ సంగతి చూశాక ఆవిడ జ్ఞాపకాలన్నిటినీ యథాతథంగా నమ్మలేను. అయినా ఒక వీధిలో, ఒక మామూలు తల్లి, ఒక మామూలు శనివారం నాడు, దేశం మొత్తం పేరు తెలిసిన గుర్రానికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో నిలబడగలిగిందన్నది మాత్రం నిజం. ప్రేమ పుట్టింది అక్కడే.

మా స్నేహితురాలు ఒకామె దీన్ని ఒప్పుకోదు. "ఎండావానా తెలియకుండా పచ్చికలో వదలాల్సిన ముసలి గుర్రాన్ని దుకాణాల ముందు నిలబెట్టి డబ్బు చేసుకున్నారు. నువ్వు పెళ్ళిలో చూసినదానికీ దీనికీ తేడా ఏమిటి? అక్కడ జరీ గుడ్డ, ఇక్కడ రిబ్బను" అంది. ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజమే, ఊరికే రాలేదు, డబ్బు తీసుకునే వచ్చేవారు. కార్లు అమ్మే మనిషికి బేరం తెలియకుండా ఉంటుందా? లైట్లు, కెమెరాలు, కొత్త మనుషులు గుర్రానికి సుఖమని నేను వాదించను.

ఆలోచించగా నాకు కనిపించిన తేడా ఇది. రెడ్ రమ్ సాయంత్రానికి తన లాయానికి, తనను పుట్టుపూర్వోత్తరాలతో ఎరిగిన మనుషుల దగ్గరికి తిరిగి వెళ్ళింది. మెకెయిన్ కుటుంబం 1990లో చెషైర్‌కు మకాం మార్చినప్పుడు దాన్నీ వెంట తీసుకెళ్ళింది. 1995 మేలో దాని ముప్ఫయ్యో పుట్టినరోజును ఎయిన్‌ట్రీలోనే చేశారు. దానికి గాయమైతే మర్నాడు పేపర్లో వచ్చేది. బక్కచిక్కితే దారిన పోయే ప్రతి మనిషీ అడిగేవాడు. అంతమంది చూస్తున్న గుర్రాన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయలేరు. పెళ్ళిగుర్రాన్ని కూడా వందలమంది చూస్తారు. కానీ దాన్ని గుర్తుపట్టేవాళ్ళు లేరు. నిన్న ఇంతకన్నా బాగుండేదని చెప్పగల మనిషి ఒక్కడూ ఆ గేటు దగ్గర లేడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. వాడు దానికి నీళ్ళు పెట్టాడు, దండలోని బంతిపువ్వులు తింటుంటే తిననిచ్చాడు. వాడి దాకా వచ్చేసరికే దాని పేరు పోయింది.

గుర్రం పాతిక ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. పందేల్లో ఉండేది నాలుగైదేళ్ళు, మహా అయితే పదేళ్ళు. మిగతా ఇరవై ఏళ్ళు ఎవరివి? బ్రిటన్‌లో 2000లో పందేల రంగమే ముందుకు వచ్చి విశ్రాంత గుర్రాలకు కొత్త పనులు నేర్పే ధర్మసంస్థ ఒకటి పెట్టింది. మన మలక్‌పేటలో 1886లోనే గుర్రాలు పరిగెత్తాయి. దాదాపు నూట నలభై ఏళ్ళ కిందటి మాట. మన వైపు కూడా పాత పందెగాళ్ళను కదిలిస్తే గుర్రాల పేర్లు చెబుతారు, ఏ ఏడు ఏది గెలిచిందో చెబుతారు. మా మేనమామ చివరి రోజుల్లో కూడా చెప్పేవాడు. అది ఆ తరువాత ఏమైంది మామయ్యా అని నేనెప్పుడూ అడగలేదు. ఆయనా ఎప్పుడూ అనుకున్నట్టు లేదు.

గ్రే సాంబ్రెరో

ఇంతవరకూ రాసింది చదివితే నేను రెడ్ రమ్ అభిమానిగా మారిపోయానని తెలుస్తూనే ఉంది. అందుకే ఈ ముక్క కూడా రాయాలి. 1973 పందెంలోనే గ్రే సాంబ్రెరో అనే బూడిదరంగు గుర్రం 'ద చేర్' అనే కంచె దగ్గర పడి, భుజం విరిగి, అక్కడే ప్రాణం వదిలింది. నేను ఆ పందేన్ని అన్నిసార్లు చూసిన తరువాత గాని ఆ సంగతి గమనించలేదు. నా కళ్ళు క్రిస్ప్ మీద, దాని వెనక రెడ్ రమ్ మీద ఉన్నాయి. అభిమానంలో ఉన్న పెద్ద లోపం ఇదే. ఒకదాన్ని ఎంత దగ్గరగా చూస్తామో పక్కనున్నవి అంత మసకబారతాయి.

పైగా ఇంకో చిక్కు ఉంది. 1970ల మధ్యలో ఎయిన్‌ట్రీ రేసుకోర్సు అమ్ముడై, భూమి కోసం చేతులు మారి, పందెమే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. 1975లో టికెట్ల ధరలు పెంచితే జనం చాలా పలచగా వచ్చారు. ఆ రోజుల్లో ఆ పందేన్ని నిలబెట్టింది రెడ్ రమ్ అనే చాలామంది అంటారు, అది నిజమేననిపిస్తుంది. 1977లో పన్నెండేళ్ళ వయసులో, 25 పొడవుల తేడాతో మూడోసారి గెలిచిన గుర్రాన్ని చూశాక ఆ మైదానంలో ఇళ్ళు కడతామని అనడానికి ఎవరికి నోరు వస్తుంది? అయితే పందెం నిలిచింది కాబట్టి ఆ తరువాత అక్కడ చనిపోయిన గుర్రాలు కూడా ఉన్నాయి. వాటి లెక్క కూడా ఈ ప్రేమ ఖాతాలోనే రాయాలా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. ఆ తరువాత కంచెల లోపలి గట్టి కొయ్య చట్రాలు తీసేసి మెత్తటివి పెట్టారు, 2024 నుంచి పరిగెత్తే గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. మేలే. సరిపోయిందని నేను అనలేను.

పందెమే వద్దనేవాళ్ళ పక్షాన సగం మనసు నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఇప్పటికే పుట్టి, పరిగెత్తి, అలసిన గుర్రాలున్నాయి. వాటికి కావలసింది నా అభిప్రాయం కాదు, మేత. మేత పెట్టించేది జ్ఞాపకమే అయితే, ఆ జ్ఞాపకంలో తేదీలు తప్పినా, చీటీలు తారుమారైనా, అది ఉండాలనే కోరుకుంటాను. ఒక్క కోరిక మాత్రం ఉంది. రెడ్ రమ్ పేరు తలిచినచోట గ్రే సాంబ్రెరో పేరు కూడా ఒకసారి అనాలి. క్రిస్ప్ పేరు కూడా.

శాండ్‌హిల్స్ స్టేషన్

నేను ఇండియాకు తిరిగి వచ్చే ముందు వసంతంలో, పందెం లేని ఒక రోజు, ఆవిడా నేనూ ఎయిన్‌ట్రీ వెళ్ళాం. రెడ్ రమ్ 1995 అక్టోబరు 18న చనిపోయింది. ఆ వార్త దేశంలో పత్రికల మొదటి పేజీల్లో వచ్చింది. గెలుపు స్తంభం పక్కనే, తల దాని వైపు ఉండేలా పాతిపెట్టారు. మేం వెళ్ళేసరికి రాయి దగ్గర ఎవరో పెట్టిన పూలగుత్తి, ఒక క్యారెట్టు ఉన్నాయి. ఆవిడ సంచిలోంచి పుదీనా బిళ్ళల పొట్లం తీసి, ఒకటి విడదీసి, రాతి మీద పెట్టింది. తరువాత ఇంకొకటి. పొట్లం మళ్ళీ సంచిలో పెట్టుకుంది. చలిగాలి. మైదానం ఖాళీగా, ఎంత పెద్దదో తెలిసేంత ఖాళీగా ఉంది. చివరి కంచె నుంచి గెలుపు స్తంభం దాకా ఉన్న ఆ 494 గజాల వైపు ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. టీవీలో అంత దూరం అనిపించదు.

తిరిగి వచ్చేటప్పుడు రైలులో ఆవిడ, "క్రిస్ప్‌ను ఎక్కడ పాతిపెట్టారు?" అని అడిగింది. డబ్బా తెరిచిన రోజు తరువాత ఆవిడ నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఫోనులో వెతికి చెప్పాను. పందేలు మానేశాక ఉత్తర ఇంగ్లండులో వేటగుర్రంగా ఇష్టంగా తిరిగిందనీ, 1985లో అలా వేటలో ఉండగానే చనిపోయిందనీ, పాతిపెట్టిన చోట ఒక చెర్రీ చెట్టు నాటారనీ, అది గ్రాండ్ నేషనల్ రోజుల్లోనే పూస్తుందనీ చదివి వినిపించాను.

శాండ్‌హిల్స్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద సౌత్‌పోర్ట్ బండి కోసం నిలబడ్డాం. ఆవిడ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని పట్టాల వైపు చూస్తూ అంది:

"ఆ రోజు నాన్న టీ ముట్టలేదు. పెరట్లోకి వెళ్ళి చీకటి పడేదాకా నిలబడ్డాడు. అమ్మతో గొడవపడ్డాడనుకున్నాను, ఇన్నేళ్ళూ."